నాలుగు ప్రాసెసర్లు... ఒకటే గుమ్మం!

పెళ్లింట్లో నలుగురు వంటవాళ్లున్నారు. కానీ సరుకులు తెచ్చే గుమ్మం దగ్గర ఉన్నది ఒక్కడే మనిషి. ఎన్ని పొయ్యిలు వెలిగిస్తే మాత్రం ఏం లాభం? ప్రపంచంలోని వెబ్‌సైట్లని నడిపించే పెద్దపెద్ద సర్వర్లకీ ఒకప్పుడు ఇదే తంటా వచ్చిపడింది. అదీ నలుగురి ముందూ పరువు పోయేలా!

1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే అమెరికా సంస్థ ఓ పరీక్ష ఫలితం ప్రకటించింది. నాలుగు ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్క్ కార్డులు ఉన్న డెల్ సర్వర్ మీద ఒకసారి విండోస్ ఎన్‌టీని, మరోసారి లినక్స్‌ని పరుగెత్తించారు. ఫైళ్లు అందించడంలో విండోస్ రెండున్నర రెట్లు, వెబ్ పేజీలు అందించడంలో 3.7 రెట్లు ముందుంది. పరీక్షకి డబ్బిచ్చింది మైక్రోసాఫ్టేనని తేలాక లినక్స్ అభిమానులు భగ్గుమన్నారు. మగపెళ్లివారే జాతకం రాయించుకుంటే గుణాలు కుదరకేం చేస్తాయి మరి! జూన్‌లో మళ్లీ పోటీ పెట్టారు. ఈసారి లినక్స్ నిపుణులూ పక్కనే ఉన్నారు. అయినా గెలిచింది విండోసే.

లోపం ఎక్కడుందో అప్పుడు బయటపడింది. సమాచారం చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. వాటినే ప్యాకెట్లంటారు. ప్యాకెట్ రాగానే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌ని ‘ఇదిగో, సరుకొచ్చింది’ అని పిలుస్తుంది. చేస్తున్న పని ఆపి అది వెళ్లాలి. విండోస్‌లో ఒక్కో కార్డునీ ఒక్కో ప్రాసెసర్‌కి అప్పజెప్పారు. అప్పటి లినక్స్ 2.2లో మాత్రం ఎన్ని ప్రాసెసర్లున్నా నెట్‌వర్క్ పని ఒకసారికి ఒక్కటే చెయ్యగలిగేది. మిగిలినవి ఎదురుచూడాల్సిందే.

కోపం చల్లారాక లినక్స్ బృందం పనిలోకి దిగింది. 2001 జనవరిలో వచ్చిన 2.4 వెర్షన్‌లో ప్రాసెసర్లన్నీ ఏకకాలంలో ప్యాకెట్లు అందుకునేలా మార్చేశారు. ఓటమి మేలే చేసిందన్నమాట!

అక్కడితో అయిపోలేదు. కార్డుల వేగం సెకనుకి వెయ్యి కోట్ల బిట్లకి పెరిగింది. అన్నీ చిన్న ప్యాకెట్లే వస్తే సెకనుకి దాదాపు కోటీ 48 లక్షలు! ఒక్కోదానికి దక్కే సమయం 67 నానోసెకన్లు. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం అంతలో రెండొందల సార్లు కొట్టుకుంటుంది, అంతే. ప్రతి ప్యాకెట్‌కీ పిలుపొస్తే ‘వచ్చె వచ్చె’ అనడంతోనే సరిపోతుంది, అసలు పని సాగదు. ఈ చిక్కునీ దానికి విరుగుడునీ మొగల్, రామకృష్ణన్ అనే ఇద్దరు పరిశోధకులు 1996లోనే వివరించారు. రద్దీ పెరిగితే పిలుపులు ఆపించి, ప్రాసెసరే వీలు చూసుకుని వెళ్లి సరుకు తెచ్చుకోవాలి.

మరి ఒకే కార్డు ఉంటే పని పంచేదెలా? వచ్చినవాటిని వచ్చినట్టు తలా ఒకటి పంచితే ఒకే సంభాషణలోని ప్యాకెట్ల వరస తారుమారవుతుంది. పైగా ఒక ప్రాసెసర్ తన దగ్గర దాచుకున్న వివరాలు మరోదానికి చేరెయ్యడానికి సమయం వృథా. అందుకే కార్డే రెండు వైపుల చిరునామాలు చూసి ఓ లెక్క కడుతుంది. ఒక సంభాషణకి చెందినవన్నీ ఒకే ప్రాసెసర్‌కి వెళతాయి. వేర్వేరు సంభాషణలు వేర్వేరు ప్రాసెసర్లకి. విండోస్‌లోకి ఈ పద్ధతి 2006లో వచ్చింది. ఆ తెలివి లేని కార్డుల కోసం గూగుల్ ఇంజినీరు టామ్ హెర్బర్ట్ ఇదే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించి, 2010లో లినక్స్‌కి అందించారు.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. లక్షమంది ఒక్కసారిగా వెబ్‌సైట్ తెరిస్తే పని చక్కగా పంచుకోవచ్చు. ఒక్కరే ఓ భారీ ఫైలు పంపిస్తే మాత్రం ఆ ప్యాకెట్లన్నీ ఒకే ప్రాసెసర్ నెత్తినపడతాయి, పక్కన అరవై మూడు ఖాళీగా ఉన్నా సరే!