ఆధారములను భద్రపరచు సాధనము

ఒక ఉక్కు బోల్టు ఎంత బరువునకు తట్టుకొనునో తెలుపు అంకెను డిప్లొమా విద్యార్థి తన ప్రాజెక్టు నివేదికలో వ్రాసినాడనుకొందము. ఆ అంకె ఎక్కడిది? గ్రంథములోనిదా, ప్రయోగములో తేలినదా, ఎవరో చెప్పగా విన్నదా? నివేదికలో దీనికి సమాధానము లేనిచో ఆ అంకెను నమ్మి యంత్రమును బిగించుట ప్రమాదకరము. కనుక ఆధారములను చూపుట పరిశోధకులకు మాత్రమే చెందిన మర్యాద కాదు. నాచారం పారిశ్రామికవాడ వంటి చోట్ల పనిచేయబోవు వృత్తి విద్యార్థులకును అది అవసరమే.

ఆధారమనగా గ్రంథము యొక్క చిరునామా. రచయిత, గ్రంథనామము, ప్రచురణకర్త, సంవత్సరము అందులో ముఖ్యాంశములు. ఒక ఉదాహరణమును చూడుడు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయినా జలాశయము వద్ద పెద్ద భూకంపము వచ్చినది. జలాశయములకు, భూకంపములకు గల సంబంధమును గూర్చి ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హర్ష్ గుప్తా, రస్తోగి ఒక గ్రంథము వ్రాసిరి. దాని పేరు ‘డామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్’. 1976లో ఎల్సెవియర్ సంస్థ ప్రచురించినది. ఈ వివరములున్నచో ఆ గ్రంథమును ఏ గ్రంథాలయములోనైనను వెదకవచ్చును.

పూర్వము ఇట్టి వివరములను చిన్న కార్డులపై వ్రాసి, అకారాది క్రమమున పేర్చుకొనెడివారు. నేడు ఆ పనిని కంప్యూటరు చేయుచున్నది. ఇందుకు ఉపయోగపడు జొటేరో అను ఉచిత సాఫ్ట్‌వేర్ 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయమునుండి వెలువడినది. అనేక శాస్త్ర వ్యాసములకు డి.ఓ.ఐ. అను గుర్తింపు సంఖ్య ఉండును. అది 10తో ఆరంభమగును. ఆ సంఖ్యను ఇచ్చినచో సాఫ్ట్‌వేర్ మిగిలిన వివరములను తానే తెచ్చుకొనును. నివేదిక వ్రాయునప్పుడు కావలసిన గ్రంథమును ఎంచుకొన్నచో, వాక్యము ప్రక్కన ఆధారము చేరును. చివరి పుటలో పట్టిక ఏర్పడును.

అయితే ఈ సాధనము ఆధారములను అమర్చునే కాని, వాటి సత్యమును తేల్చదు. సంవత్సరము తప్పుగా నమోదైనచో ఆ తప్పు ప్రతి నివేదికలోను అట్లే అచ్చగును. కృత్రిమ మేధ సూచించు గ్రంథములలో కొన్ని అసలు లేనివే కావచ్చును. వాటిని కూడ ఈ సాఫ్ట్‌వేర్ చక్కగా పట్టికలో చేర్చును!

కావున ఉపాధ్యాయులు మొదట విద్యార్థుల చేత మూడు ఆధారములను గ్రంథములను చూచి చేతితో వ్రాయించవలెను. పిమ్మట వాటినే సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయించి, రెంటిని పోల్చి చూపవలెను. చివరకు ఒకరి పట్టికను వేరొకరికి ఇయ్యవలెను. ఆ రెండవ విద్యార్థి పట్టిక సాయముతో అసలు గ్రంథమును కనుగొని, అందులో ఆ అంకెను చూడగలిగినచో పాఠము ఫలించినట్లే.