అమ్మకు పదిహేను నిమిషాలు

ఇంట్లో తాతయ్యకు ఒంట్లో బాగాలేదనుకోండి. మందులు వేసేది, అన్నం పెట్టేది, రాత్రి లేచి చూసేది ఎవరు? చాలా ఇళ్ళలో అమ్మే. "అమ్మా, నువ్వు తిన్నావా?" అని అడగండి. "తర్వాత తింటాలే" అంటుంది. ఆ 'తర్వాత' ఒక్కోసారి రాత్రి పదింటికి వస్తుంది.

పెద్దవాళ్ళకు రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే చికాకు, మతిమరుపు వస్తాయి. తాతయ్యకు మాత్ర వేశానా లేదా అన్నది కూడా గుర్తుండదు. అందుకే అమ్మ విశ్రాంతి తాతయ్యకూ మంచిదే.

"రెస్ట్ తీసుకో అమ్మా" అంటే సరిపోదు. అలవాటు నిలవాలంటే మూడు కావాలి.

1. అది చిన్నదిగా ఉండాలి: 15 నిమిషాలు చాలు.
2. దానికో వేళ ఉండాలి: రోజూ సాయంత్రం టీ తర్వాత.
3. ఆ కాసేపు తాతయ్య దగ్గర ఇంకొకరు కూర్చోవాలి.

మూడోది లేకపోతే మొదటి రెండూ నాలుగు రోజుల్లో ఆగిపోతాయి.

ఆ ఇంకొకరు మీరే కావచ్చు. "తాతయ్యా, చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళేవారు?" అని అడగండి. తెలుగు తడబడినా పరవాలేదు, ఆయన సరిదిద్దుతారు. మందులు ఇవ్వడం, లేపి నడిపించడం మాత్రం పెద్దవాళ్ళ పని.

మీకే భారంగా అనిపిస్తే దాచుకోకండి, టీచర్‌కు చెప్పండి. ఇంగ్లండ్‌లో 2014 చట్టం ప్రకారం, ఇంట్లోవాళ్ళను చూసుకునే పిల్లలకు ఏ సాయం కావాలో స్థానిక కౌన్సిల్ తెలుసుకోవాలి.

ఈ రోజు ఇంట్లో అడగండి: "అమ్మా, నీ పదిహేను నిమిషాలు ఎప్పుడు?"