చిన్న యంత్రశాలకు ఐదు అక్షాల యంత్రం: ఎంపికలో గమనించవలసిన అంశాలు

పిట్టలవానిపాలెం (బాపట్ల జిల్లా) – ప్రత్యేక వ్యాసం

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల నడుమ విస్తరించిన ప్రాంతం ప్రధానంగా వరి పండించు ప్రాంతం. పిట్టలవానిపాలెం వంటి మండల కేంద్రాలలో ఇంజనీరింగ్ పని అనగా రైసుమిల్లుల షాఫ్టులు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాల విడిభాగాలు, ఆక్వా చెరువుల ఏరియేటర్లు, నిజాంపట్నం తీరంలోని మరబోట్ల ఇంజన్ల మరమ్మతులే. ఈ పనులలో అధిక భాగానికి లేతు, డ్రిల్లింగు, వెల్డింగు యంత్రాలు సరిపోవుచున్నవి.

అయితే లేతు షెడ్డు నడిపిన తండ్రి అనంతరం పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ చదివిన కుమారుడో, కుమార్తెయో ఆ బాధ్యత స్వీకరించినపుడు రక్షణ, అంతరిక్ష, వైద్య పరికరాల రంగాలకు విడిభాగాలు తయారు చేయాలనే ఆకాంక్ష కలగడం సహజం. అట్టి సందర్భంలో మొదట చర్చకు వచ్చునది తక్కువ స్థలంలో ఇమిడే ఐదు అక్షాల మెషినింగ్ సెంటర్. అనుబంధ సామగ్రితో కలిపి దీనికి దాదాపు కోటి రూపాయలు మొదలుకొని పలు కోట్ల వరకు వెచ్చించవలసి వచ్చును. ఒక గ్రామీణ కుటుంబానికి ఇది ఇల్లు, పొలంతో ముడిపడిన నిర్ణయం. కావున ఈ యంత్రం ఏమి చేయగలదో, ఏ పరిస్థితులలో లాభసాటి కాగలదో ఔత్సాహికులే గాక రుణ ప్రతిపాదనలను పరిశీలించు అధికారులు సైతం గ్రహించవలసిన ఆవశ్యకత ఉన్నది.

ఐదు అక్షాలు అనగా ఏమి?

సాధారణ మిల్లింగ్ యంత్రంలో కోతపనిముట్టు, వస్తువు పరస్పరం మూడు దిశలలో కదులును. కుడి ఎడమలు, ముందు వెనుకలు, పైకి క్రిందికి సాగే ఈ కదలికలను ఎక్స్, వై, జెడ్ అక్షాలని వ్యవహరిస్తారు. వీటికి తోడు వస్తువును వంచే ఒక అక్షం, గుండ్రముగా త్రిప్పే మరొక అక్షం చేరినచో అది ఐదు అక్షాల యంత్రమగును. చిన్న యంత్రాలలో సాధారణంగా ఈ రెండు కదలికలను ఊయల వలె వంగే బల్ల నిర్వహించును.

దీని ప్రయోజనం ఒక ఉదాహరణతో స్పష్టమగును. ఐదు ముఖాలపై రంధ్రాలు, గాడులు ఉన్న ఒక వాల్వు బాడీని మూడు అక్షాల యంత్రంపై తయారు చేయుటకు దానిని పలుమార్లు విప్పి, త్రిప్పి, మరల బిగించవలెను. బిగించిన ప్రతిసారీ కొంత కాలం వృథా యగును, కొంత కొలత తప్పును. ఆ తప్పులన్నియు ఒకదానిపై ఒకటి చేరును. ఐదు అక్షాల యంత్రంపై ఒక్కసారి బిగించి ఐదు ముఖాలను పూర్తి చేయవచ్చును. ఆరవ ముఖానికి మాత్రమే రెండవ బిగింపు అవసరమగును.

ఈ యంత్రాలు రెండు విధాలుగా పనిచేయును. మొదటిది "3+2" పద్ధతి. ఇందులో బల్లను కావలసిన కోణానికి వంచి, బిగించి, ఆపై మూడు అక్షాలతోనే కోత సాగింతురు. రెండవది ఐదు అక్షాలు ఏకకాలంలో కదిలే పద్ధతి. టర్బైన్ బ్లేడు, ఇంపెల్లరు వంటి వంపుల ఉపరితలాలకు ఇది తప్పనిసరి. వాల్వులు, గేర్‌బాక్సుల హౌసింగులు, బ్రాకెట్లు వంటి జాబ్ వర్కుకు చాలా సందర్భాలలో మొదటి పద్ధతి సరిపోవును. ఏకకాల కదలికకు, పనిముట్టు కొన స్థానాన్ని నిలకడగా ఉంచే సదుపాయానికి కంట్రోలరు సరఫరాదారులు అదనపు ధర వసూలు చేయు సందర్భాలు గలవు. కావున కొటేషన్‌లో ఈ రెండు అంశాలు చేరియున్నవో లేదో వ్రాతపూర్వకంగా నిర్ధారించుకొనవలెను.

ముందు పని, తరువాత యంత్రం

ఈ విషయంలో అత్యంత ముఖ్యమైన సూత్రం ఒక్కటే. యంత్రాన్ని చూసి పని వెదుకుట గాక, పనిని చూసి యంత్రాన్ని ఎంచుకొనవలెను. దీనికి కారణం లెక్కలో ఉన్నది.

ఉదాహరణకు 75 లక్షల రూపాయల రుణం, 10 శాతం వడ్డీ, 7 సంవత్సరాల గడువు అనుకొన్నచో నెలసరి వాయిదా సుమారు 1,24,500 రూపాయలగును. యంత్రం నెలకు 300 గంటలు కోతలో ఉన్నచో గంటకు వాయిదా భారం 415 రూపాయలు. 150 గంటలే పని ఉన్నచో 830 రూపాయలు. నెలకు 60 గంటలకు పడిపోయినచో ఆ భారం 2,075 రూపాయలకు చేరును. విద్యుత్తు, పనిముట్లు, వేతనాలు, నిర్వహణ వ్యయం దీనికి అదనం. యంత్రం అదే, వాయిదా అదే. మారినది పని గంటలు మాత్రమే. ఈ కారణం చేతనే యంత్రం సామర్థ్యం కన్న పని గంటలకు గల భరోసా ముఖ్యమని భావించవలసి ఉన్నది.

రైసుమిల్లు షాఫ్టు, బేరింగు బుష్ వంటి గుండ్రని వస్తువులు ప్రధానంగా లేతుపై తయారగునవి. వాటికి ఐదు అక్షాల యంత్రం వలన కలిగే లాభం స్వల్పం. కనుక ఇప్పుడున్న స్థానిక పనిని ఆధారం చేసుకొని ఈ యంత్రానికి రుణం కోరుట సమంజసం కాదు. ఆశించే కొత్త ఖాతాదారుల డ్రాయింగులను ముందుగా సేకరించి, వాటిలో ఎన్నింటికి వాస్తవంగా ఐదు ముఖాల కోత అవసరమో గుర్తించవలెను. మధ్యస్థ మార్గం కూడా ఉన్నది. ఇప్పటికే మూడు అక్షాల వర్టికల్ మెషినింగ్ సెంటర్ ఉన్నవారు, దాని కంట్రోలరు అనుమతించినచో, వంగి తిరిగే రోటరీ బల్లను అమర్చుకొని తక్కువ పెట్టుబడితో ఈ పద్ధతిని అలవరచుకొనవచ్చును.

కరపత్రంలోని అంకెలను చదువు విధానం

కాంపాక్ట్ యంత్రాలలో బల్ల వ్యాసం, మోయగల బరువు, అక్షాల ప్రయాణ దూరం ఈ మూడూ విడివిడి అంకెలు. ప్రయాణ దూరం 600 మిల్లీమీటర్లని పేర్కొన్నంత మాత్రాన అంత పొడవు గల వస్తువును అన్ని కోణాలలో త్రిప్పగలమని భావించరాదు. బల్ల వంగినపుడు వస్తువు గోడలకు, స్పిండిలుకు తగలకుండా తిరుగగల గరిష్ఠ వ్యాసం, ఎత్తు ఎంతయో అడిగి తెలుసుకొనవలెను. ఫిక్చరు బరువును కూడా బల్ల మోయగల బరువులోనే లెక్కించవలెను.

కోణంలో స్వల్ప దోషం కొలతలో పెద్ద దోషంగా మారును. బల్ల కేంద్రం నుండి 200 మిల్లీమీటర్ల దూరంలో 0.01 డిగ్రీ తేడా ఉన్నచో అది సుమారు 35 మైక్రాన్ల తేడా యగును. కావున తిరుగు అక్షాలకు నేరుగా కోణాన్ని కొలిచే స్కేళ్ళు ఉన్నవా, వాటిని నడుపునది వర్మ్ గేరా, రోలర్ క్యామా, నేరుగా త్రిప్పే మోటారా అని తెలుసుకొనుట అవసరం. వర్మ్ గేర్లు కాలక్రమేణా అరిగి, వదులు ఏర్పడే అవకాశం గలదు. అక్షాల కేంద్రాన్ని తరచు సరిచూచుకొనుటకు ప్రోబు, ప్రమాణ గోళం తప్పక ఉండవలెను.

యంత్రాన్ని స్వీకరించుటకు ముందు ఐఎస్‌ఓ 230, ఐఎస్‌ఓ 10791 ప్రమాణాల ప్రకారం పరీక్షలు నిర్వహించవలెనని కొనుగోలు ఒప్పందంలో చేర్చుకొనుట మేలు. అంతకు మించి, కొనుగోలుదారు తన సొంత డ్రాయింగుతో, తన లోహంతో ఒక నమూనాను అమ్మకందారు సమక్షంలో తయారు చేయించి కొలిపించుకొనవలెను.

డెల్టా పరిస్థితులు

తీర డెల్టా ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. 300 మిల్లీమీటర్ల ఉక్కు వస్తువు 10 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు 35 మైక్రాన్లు సాగును. అల్యూమినియం అయినచో దానికి రెట్టింపు. రేకుల షెడ్డులో ఉదయం కొలిచిన వస్తువు వేసవి మధ్యాహ్నానికి వేరొక కొలత చూపుటకు కారణమిదే. కావున యంత్రం గదికి, కొలతల గదికి ఉష్ణోగ్రత నియంత్రణ తప్పనిసరి.

ఉప్పుగాలి, తేమ వలన ఎలక్ట్రానిక్ క్యాబినెట్లు, కొలత స్కేళ్ళు దెబ్బతినకుండ గాలిని ఆరబెట్టే డ్రయ్యరు, క్యాబినెట్ శీతలీకరణ ఏర్పాటు చేసుకొనవలెను. విద్యుత్ ఒత్తిడి హెచ్చుతగ్గుల నుండి రక్షణకు సర్వో స్టెబిలైజరు, ప్రత్యేక ఎర్తింగు అవసరం. బంకమట్టి నేల తేమతో ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. కనుక కొన్ని టన్నుల బరువున్న యంత్రానికి పునాది వేయుటకు ముందు నేలను పరీక్షింపజేయవలెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటిన విషయం విదితమే. నీరు నిలువని మెరక స్థలం, పూర్తి విలువకు బీమా ఈ ప్రాంతంలో విస్మరించరానివి. యంత్రాన్ని తెచ్చు దారిలోని కాలువ వంతెనలు, షెడ్డు ద్వారం ఎత్తు సైతం ముందుగా కొలుచుకొనవలెను.

యంత్రం వెలకు వెలుపల

ప్రోగ్రాములు వ్రాయుటకు క్యామ్ సాఫ్ట్‌వేరు, దానిని ఆ యంత్రానికే అనువదించు పోస్ట్ ప్రాసెసరు, కోతకు ముందు కంప్యూటరుపై సరిచూచు సిమ్యులేషన్ సదుపాయం ప్రత్యేక వ్యయాలు. ఐదు అక్షాలు కదలునపుడు ఒక్క పొరపాటుతో స్పిండిలు బల్లను ఢీకొని లక్షల రూపాయల నష్టం వాటిల్లవచ్చును గనుక సిమ్యులేషన్‌ను విలాసంగా భావించరాదు. వైమానిక రంగ సంస్థలు తమ సరఫరాదారుల నుండి సాధారణంగా ఏఎస్ 9100 నాణ్యతా ధ్రువీకరణను కోరును. ఆ ధ్రువీకరణకు పట్టు కాలం, వ్యయం కూడా ప్రణాళికలో చేరవలెను.

రాజ్‌కోట్, బెంగళూరు నగరాలలోని భారతీయ తయారీదారులు సైతం ఐదు అక్షాల యంత్రాలను తయారు చేయుచున్నారు. నిర్దిష్ట సూక్ష్మత గల ఏకకాల ఐదు అక్షాల యంత్రాలు వాసెనార్ ఒప్పందం క్రింద నియంత్రిత వస్తువుల జాబితాలో ఉన్నవి. భారతదేశం 2017 డిసెంబరులో ఈ ఒప్పందంలో చేరినది. విదేశీ యంత్రం కొనువారు తుది వినియోగ ధ్రువపత్రం ఇవ్వవలసి రావచ్చును. కొన్ని యంత్రాలు అనుమతి లేకుండ స్థానం మార్చినచో పనిచేయకుండ నిలిచిపోవును. షెడ్డు మార్చు ఆలోచన ఉన్నవారు, పాత యంత్రం కొనదలచినవారు ఈ విషయాన్ని ముందుగానే విచారించుకొనవలెను.

రుణ సదుపాయం, శిక్షణ

2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన వర్గీకరణ ప్రకారం యంత్రసామగ్రిపై 2.5 కోట్ల రూపాయల లోపు పెట్టుబడి, 10 కోట్ల రూపాయల లోపు టర్నోవరు గల సంస్థ సూక్ష్మ పరిశ్రమగా పరిగణింపబడును. అనగా ఒక కాంపాక్ట్ యంత్రం కొన్నంత మాత్రాన లేతు షెడ్డు తన సూక్ష్మ పరిశ్రమ హోదాను కోల్పోకపోవచ్చును. 2000 సంవత్సరంలో ఏర్పాటైన సూక్ష్మ, చిన్న పరిశ్రమల రుణ హామీ నిధి ట్రస్టు క్రింద హామీ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుండి 10 కోట్ల రూపాయలకు పెరిగినది. అయితే ఈ హామీ రుణమిచ్చు బ్యాంకుకే గాని రుణగ్రహీతకు కాదు. తనఖా లేనంత మాత్రాన బాకీ తీరదని దరఖాస్తుదారులకు స్పష్టపరచవలసిన బాధ్యత అధికారులపై ఉన్నది.

శిక్షణ నిమిత్తం 1968లో హైదరాబాద్ బాలానగర్‌లో ఐక్యరాజ్యసమితి సహాయంతో స్థాపించబడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థను, విజయవాడలోని దాని విస్తరణ కేంద్రాన్ని, అచ్యుతాపురం సమీపాన పూడి వద్ద గల ఎంఎస్ఎంఈ టెక్నాలజీ కేంద్రాన్ని సంప్రదించవచ్చును. యంత్రం వచ్చిన పిదప గాక, రాకముందే కనీసం ఇద్దరు పనివారు శిక్షణ పొందియుండుట శ్రేయస్కరం. ఒక్కరిపైనే ఆధారపడినచో ఆయన పని మానిన నాడు యంత్రం మూలబడును.

పరిశీలనలో అడుగవలసిన ప్రశ్నలు

రుణ ప్రతిపాదనను పరిశీలించు అధికారి ముఖ్యంగా ఐదు ప్రశ్నలకు సమాధానం కోరవలెను. ఏ వస్తువుల డ్రాయింగులు చేతిలో ఉన్నవి? వాటి కొరకు నెలకు ఎన్ని గంటల పని ఖాయమైనది? ప్రోగ్రాము వ్రాయువారు ఎవరు? యంత్రం ఆగినచో సర్వీసు ఇంజనీరు ఎంత కాలంలో రాగలరు? పని సగానికి తగ్గినచో వాయిదా ఎట్లు చెల్లింతురు?

ఈ ప్రశ్నలకు సమాధానం లేనిచో ప్రతిపాదనను త్రోసిపుచ్చవలసిన పని లేదు. యంత్రం ఉన్న ఇతర యంత్రశాలలలో రుసుము చెల్లించి తొలి వస్తువులను తయారు చేయించి, ఖాతాదారుల ఆమోదం పొంది, ఆ పిమ్మట మరల రావలసినదిగా సూచించుట ఉచితం. కొంత కాలం ఆగి కొన్న యంత్రం వలన నష్టం స్వల్పం. పని లేకుండ కొన్న యంత్రం మాత్రం ఏడేండ్ల పాటు ప్రతి నెలా వాయిదా కోరును. డెల్టా గ్రామాలలోని నైపుణ్యం ఉన్నత సాంకేతిక రంగాలకు చేరవలసినదే. అయితే ఆ మార్గంలో ఒక కుటుంబం తన ఇంటిని, పొలాన్ని కోల్పోకుండ చూచుట కూడా పారిశ్రామికాభివృద్ధిలో భాగమేనని గుర్తించవలసి ఉన్నది.