మూడో నెల స్కానింగు: జల్లెడే గాని తీర్పు కాదు



ఇంట్లో కోడలో కూతురో నెల తప్పితే, మూడో నెల వెళ్ళేదాకా నలుగురికీ చెప్పకూడదనే ఆచారం మనలో ఉంది. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే వచ్చిన నష్టమేమీ లేదు. డాక్టరమ్మకు కూడా చెప్పకుండా ఊరుకుంటేనే చిక్కు. కడుపులోని బిడ్డను గూర్చి తెలిపే ఒక ముఖ్యమైన పరీక్షకు సరిగ్గా ఆ రోజులే సమయం మరి!

దీనిని ఎన్.టి. స్కానింగు అంటారు. ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కపెట్టి, 11 వారాలు నిండిన నాటి నుంచి 13 వారాల 6 రోజుల లోపల చేయించాలి. అంటే గడువు మూడు వారాలే. అప్పటికి బిడ్డ తల నుంచి పిరుదుల దాకా 45 మొదలు 84 మిల్లీమీటర్ల పొడవుంటుంది. మెడ వెనుక చర్మం కింద సన్నని నీటిపొర ప్రతి బిడ్డకూ ఉంటుంది. దాని మందం కొలుస్తారు. ముక్కు ఎముక కనబడుతున్నదా అనీ చూస్తారు. ఈ నీటిపొరకూ క్రోమోజోముల తేడాలకూ సంబంధం ఉందని లండనులో డాక్టర్ నికొలాయిడిస్ బృందం 1992లో ప్రకటించింది.

క్రోమోజోములంటే ఏమిటంటారా? మన శరీర కణాలలో ఇవి 46, అంటే 23 జతలు. 21వ జతలో ఒకటి అదనంగా చేరితే డౌన్ సిండ్రోమ్ అంటారు. ఇది చాలావరకు అండం తయారయ్యేటప్పుడు అనుకోకుండా జరిగేది. గ్రహణం చూసినందుకో, బొప్పాయి తిన్నందుకో వచ్చేది కాదు. కోడలిని ఆడిపోసుకోవలసిన పని అంతకంటే లేదు. తల్లికి 20 ఏళ్ళప్పుడు సుమారు 1500 కాన్పులకు ఒకటి, 35 ఏళ్ళకు సుమారు 350కి ఒకటి, 40 ఏళ్ళకు సుమారు 100కి ఒకటి చొప్పున ఇలా జరుగుతుంది. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరు. మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి.

స్కానింగు కొలత, డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష, తల్లి వయసు, ఈ మూడూ కలిపి లెక్క వేస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 10 మంది బిడ్డలలో దాదాపు 9 మందిని ఈ లెక్క పట్టగలదు. ఐతే ఇది జల్లెడ పట్టడం వంటిదే. జల్లెడలో మిగిలినదంతా రాళ్ళు కావు గదా! రిపోర్టులో 1:200 అని ఉందనుకోండి. అటువంటి లెక్క వచ్చిన 200 మంది తల్లులలో ఒకరి బిడ్డకు తేడా ఉండవచ్చు, తక్కిన 199 మంది బిడ్డలకు లేదు అని దాని అర్థం. ఆ కాగితం చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తి, గర్భం తీయించుకోవడానికి పరుగెత్తడం ఎంత అన్యాయం!

తల్లి రక్తంలోనే బిడ్డ సంగతి వెదికే ఎన్.ఐ.పి.టి. అనే పరీక్ష ఇంకా సన్నని జల్లెడ. ఖర్చు ఎక్కువ. రూఢిగా తేలాలంటే మాయ నుంచి చిన్న ముక్క తీసిగానీ, 15 వారాలు నిండాక ఉమ్మనీరు తీసిగానీ పరీక్షించాలి. వీటివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది కనుక అవసరమైన వారికే చేస్తారు.

రేపల్లె నుంచో బాపట్ల నుంచో రైలెక్కి తెనాలికి వచ్చేవారు బయలుదేరకముందే ఫోను చేసి, ఎన్.టి. కొలత తీస్తారా, రక్తం కూడా ఆనాడే తీసుకుంటారా అని అడగండి. గుంటూరుకో విజయవాడకో నిపుణుల వద్దకు పంపితే పాత రిపోర్టులన్నీ వెంట ఉంచుకోండి. ఆడా మగా అని మాత్రం అడగవద్దు. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం.

తేడా రూఢి అయినా నిర్ణయం ఆ తల్లిదే. డౌన్ సిండ్రోమ్ పిల్లలు కాస్త ఆలస్యంగానైనా నడుస్తారు, మాట్లాడతారు, చదువుకుంటారు. గుండెలో లోపం ఉండే అవకాశమూ ఉంది. ఇవన్నీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. గర్భం ఉంచుకోవడానికి గానీ, చట్టం ఒప్పుకున్న మేరకు తీయించుకోవడానికి గానీ 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు. అత్తగారి సంతకం, మొగుడి సంతకం అక్కరలేదు. పెద్దవాళ్ళం మనం చేయవలసిందల్లా వేళకు పరీక్షకు తీసుకువెళ్ళడం, ఫలితం వచ్చేదాకా ధైర్యం చెప్పడం.

సెలవు.