ఇంటిపేరు నిలిచినది – ఇల్లెక్కడ?

వంశమును చెప్పుకొనుటకు తెలుగువాడు వాడెడి మాట 'ఇంటిపేరు'. ఇంటిని, వంశమును ఒక్క మాటలో ముడివేసిన జాతి మనది. అయినను, తాతకు తాత పేరేమి, ఆయన కాపురమున్న ఇల్లు ఏ ఊరిలో ఎట్లుండెడిది అని అడిగినచో మనలో చాలమంది సమాధానము మూడవ తరము దగ్గరనే ఆగిపోవును.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొయ్యూరు వంటి మన్యసీమలో ఈ ప్రశ్న మరింత కఠినమైనది. పోడు వ్యవసాయము మీద బ్రతికిన ప్రజలు ఒక కొండవాలు విడిచి మరొక కొండవాలునకు పోవుట, వారితోపాటు ఊరును కదలుట అక్కడ వింత కాదు. మట్టిగోడ, గడ్డికప్పు గల ఇల్లు మనిషి విడిచిన నాలుగు వానలకే నేలలో కలిసిపోవును. పేరు మాత్రము నోటిలో మిగులును.

ఐర్లండు దేశములో ఈ ప్రశ్నకు కాగితము మీద సమాధానమున్నది. అక్కడ 1901 మార్చి 31న, 1911 ఏప్రిల్ 2న జరిగిన జనగణనల ఇంటింటి పత్రములను భద్రపరచి, 1961లో ప్రజలకు తెరచినారు. నేడవి అంతర్జాలములో ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. ఒక పత్రములో ఇంటిలోని ప్రతి మనిషి పేరు, వయస్సు, మతము, వృత్తి, చదువు, పుట్టిన సీమ, ఐరిష్ భాష వచ్చునో రాదో వ్రాసియుండును. 1911 పత్రములో, తల్లి కన్న బిడ్డలెందరు, బ్రతికియున్నవారెందరు అన్న లెక్క కూడ కలదు. వేరొక పత్రము ఇంటిని గురించినది. గోడలు రాతివో మట్టివో, కప్పు పలకలదో గడ్డిదో, గదులెన్ని, ముందువైపు కిటికీలెన్ని అన్నది అందుండును. వలసపోయిన కుటుంబములోని మునిమనుమడు అమెరికాలో కూర్చుండియే తన ముత్తవ్వ ఎన్ని కిటికీల ఇంటిలో పెరిగినదో తెలిసికొనగలడు.

అయితే కాగితము చెప్పినదెల్ల సత్యమని నమ్మరాదు. 1908లో అక్కడ వృద్ధాప్యపు పింఛను చట్టము వచ్చినది. డెబ్బది యేండ్లు నిండినవారికి 1909 జనవరి నుండి పైకము ముట్టినది. దాని ఫలితమేమనగా, 1901కిని 1911కిని నడుమ కొందరు పదేండ్లకు బదులు పదునైదేండ్లు ముసలివారైనారు! కాగితమును ఒక సాక్షియే. సాక్షిని ఎదురు ప్రశ్న వేయక విడువరాదు.

అంతకు పూర్వపు జనగణనల గతి మరింత విచారకరము. 1861, 1871 నాటి పత్రములను ప్రభుత్వమే నాశనము చేయించినది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచయుద్ధ కాలములో కాగితపు గుజ్జుగా మారినవి. 1821 నుండి 1851 వరకు గల వాటిలో చాలభాగము 1922 జూన్ 30న, అంతర్యుద్ధములో డబ్లిన్ నగరపు దస్తావేజుల భాండాగారముతోపాటు దగ్ధమైనది.

ఆ యేడే ఆగస్టులో మన మన్యము మండినది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాల మీద రామరాజు దాడి జరిపినాడు. తీసికొనిన ఆయుధముల లెక్కను వ్రాసి సంతకము చేసి వచ్చుట ఆయన పద్ధతి. 1924 మే 7న కొయ్యూరులో ఆయన జీవితము ముగిసినది. ఈ సీమలోని బట్టిపనుకులకు చెందిన గాము గంటందొర ఆ జూన్‌లో పోరాడుచు మరణించినాడు. తమ్ముడు మల్లుదొర అండమాను ప్రవాసశిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు.

గాము అన్న ఇంటిపేరు ఇట్లు చరిత్రకెక్కినది. ఎక్కించినది ప్రధానముగా పోలీసువారి కలము. ఐర్లండులో ఇంటింటికి తిరిగి పత్రములు చేకూర్చినవారు కూడ పోలీసు కానిస్టేబుళ్లే. భేదమొక్కటియే: అక్కడ వారు ప్రతి ఇంటి తలుపు తట్టినారు, ఇక్కడ తిరుగబడినవాని పేరే వ్రాసికొన్నారు. తిరుగబడక, చింతపల్లి బాటకు వెట్టిగా మట్టి మోసిన సామాన్యుని పేరు ఏ దస్త్రములోను కానరాదు. 1969 నాటి శాసనముతో ముఠాలు రద్దగువరకు శిస్తు వ్యవహారము ముఠాదారు చేతి మీదుగా నడిచినది. కనుక ముఠాదారు పేరు దొరకును గాని, అతని క్రింద దున్నినవాని పేరు దొరకుట అరుదు.

మరి మన జనగణన ఏమైనట్లు? 1872 నుండి అదియును జరుగుచునే వచ్చినది. అయితే లెక్క తేలిన పిదప ఇంటింటి పత్రములను నిలిపి ఉంచెడి సంప్రదాయము మనకు లేదు. 1948 నాటి చట్టము వ్యక్తుల వివరములను రహస్యముగా ఉంచుమన్నది. కావున గ్రంథాలయములలో దొరకెడి జిల్లా సంపుటములలో ఫలానా గ్రామమున ఇన్ని ఇండ్లు, ఇంతమంది జనము అని యుండును, వారెవరన్నది ఉండదు.

ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన సంగతి కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద గిరిజనుడు తాను దున్నుచున్న భూమి మీద హక్కు కోరవలెనన్న, 2005 డిసెంబరు 13కు పూర్వమే అది తన అనుభవములో ఉన్నట్లు చూపవలెను. 2008 నాటి నియమములు ఇందుకు అంగీకరించిన సాక్ష్యములలో రెండు గమనింపదగినవి: హక్కు కోరువాడు కాక ఇతర పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలము, పాత రికార్డులలోని మనుష్యులతో సంబంధము చూపెడి వంశక్రమము. అనగా అవ్వ నోటి మాటకు, తాతల పేర్ల వరుసకు చట్టము విలువ కట్టినది. ఆ వరుస తెలిసిన అవ్వ కన్నుమూసినచో, ఒక సాక్ష్యమే సమసిపోయినట్లు.

ఈ పని ఉపాధ్యాయులకు, విద్యార్థులకు చేతనైనది. బడిలోని ప్రవేశపు రిజిస్టరులో తండ్రి పేరుండును. అక్కడ ఆరంభించి, ఇంటిలోని పెద్దలనడిగి తాత పేరు, ముత్తాత పేరు, అవ్వ పుట్టినిల్లు, విడిచివచ్చిన ఊరు, ఆ ఊరి వాగు, ఆ వాగు గట్టుననున్న చింతచెట్టు – అన్నియు ఒక పుస్తకములో వ్రాయవలెను. ఎవరు చెప్పినారో, ఏ తేదీన చెప్పినారో క్రింద గుర్తింపవలెను. ఇద్దరి మాట పొసగనిచో రెంటిని వ్రాయవలెను. డబ్లిన్‌లో కాలిన కాగితముల స్థానమున, ఇతర చోట్ల మిగిలిన ప్రతులను వెదకి ఏర్చి కూర్చుట సరిగా నూరేండ్లకు, 2022లో, ఒక రూపము దాల్చినది. కొయ్యూరు కొండలలో కాలుటకైనను కాగితము లేదు. ఉన్నది మనిషి జ్ఞాపకమే. దానికి ప్రతి తీయుటకు నూరేండ్ల గడువు లేదు.