వాణిజ్య భవనములు – ఇంధన నియమావళి: కొన్ని అపోహలు

నిలువెల్ల అద్దము తొడిగిన భవనమే ఆధునికమనియు, వెలుతురు ధారాళముగా వచ్చును గనుక దీపములకగు విద్యుత్తు మిగులుననియు మన నగరములలో పాతుకొనిపోయిన నమ్మకము తక్కిన అపోహలన్నింటికంటె ఎక్కువ కీడు చేయుచున్నది. వెలుతురు వెంట వేడిమియు లోనికి వచ్చును. వేసవి మధ్యాహ్నమున పడమటి అద్దము ప్రక్క కూర్చున్న ఉద్యోగి, మూడుగంటల యెండకు తాళలేక తెర దించి, పట్టపగలే ట్యూబులైటు వేసికొనును; అద్దము తెచ్చిన వెలుతురు తెర పాలగును, అది తెచ్చిన వేడిమి మాత్రము ఏసీ యంత్రము నెత్తిన పడును. కావుననే 2017 నాటి ఇంధన పరిరక్షణ భవన నియమావళి, అనగా ఈసీబీసీ, తాను సూచించిన కొలతలనే అనుసరించు భవనములలో వెలుపలి గోడల వైశాల్యమున కిటికీల భాగము 40 శాతమునకు మించరాదన్నది. అద్దమును అది నిషేధింపలేదు. వేడిని తక్కువగా లోనికి విడుచు అద్దమును, కిటికీపై నీడ పట్టు సజ్జాను కోరినది.

అయిదు నక్షత్రముల ఏసీలు బిగించినచో నియమము నెరవేరినట్లేయని తలచుట మఱియొక పొరపాటు. యంత్రములకును, దీపములకును నియమములున్న మాట నిజమే గాని, పైకప్పు, గోడలు, కిటికీలు వేడిని ఎంతవఱకు ఆపగలవన్నది నక్షాలోనే తేలవలసిన విషయము. యంత్రమును పదేండ్లకు మార్చవచ్చును. పడమటికి తిరిగిన గోడను త్రిప్పలేము.

ఈ నియమావళి ఇష్టమున్నవారికే యనుమాట 2007లో కేంద్రము తొలి నియమావళిని వెలువరించిన నాటిది. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టము, స్థానిక పరిస్థితులకు అనువుగా దానిని మార్చుకొను అధికారమును రాష్ట్రములకిచ్చినది. రాష్ట్రవిభజనకు ముందే, 2014లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన నియమావళిని ప్రకటించినది. చిల్లర దుకాణదారునకు భయము వలదు: 100 కిలోవాట్ల విద్యుద్భారము గాని, 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గాని గల భవనములనుండియే జాతీయ నియమావళి వర్తించును.

ఖర్చు పెరుగునను మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని కనీసస్థాయిని పాటించినను సాధారణ భవనముకంటె 25 శాతము, అత్యున్నతస్థాయిలో 50 శాతము ఇంధనము మిగులవలెనన్నది 2017 నాటి లక్ష్యము. చిక్కెల్ల భవనము కట్టువాడొకడు, బిల్లు కట్టువాడు వేరొకడగుటలోనే యున్నది. కార్యాలయమును అద్దెకు దీసికొనువారు చదరపుటడుగు ధరతో తృప్తిపడక, గడచిన వేసవి విద్యుత్తు బిల్లులను గూడ చూపుమని యజమానిని అడుగవలెను.