‘నాకు’ ఉన్నచోట ‘ఇంగ్’ ఉండదు

సాయంత్రం ఆరు దాటాక మా ఎదురింటి అమ్మాయి డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మా అరుగు మీదికి వస్తుంది. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇంగ్లండు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి చదువుతోంది. మొదటిరోజు ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చి చూపించింది. పేజీకి నలభై ఇంగ్లీషు మాటలు, ఎదురుగా తెలుగు అర్థాలు, ఎర్రసిరాతో గీతలు. ముత్యాల్లాంటి చేతిరాత.

"ఏదీ, ఇందులో ఒక మాట పెట్టి వాక్యం చెప్పమ్మా" అన్నాను.

"ఐ యామ్ నోయింగ్ దిస్ పేషెంట్" అంది.

తప్పని చెప్పలేదు. అదే తెలుగులో చెప్పమన్నాను.

"ఈ పేషెంటు నాకు తెలుసు."

"మరి ‘నేను తెలుస్తున్నాను’ అని ఎందుకు అనలేదు?"

నవ్వింది. "అట్టా ఎవరంటారు టీచర్!"

"ఇంగ్లీషులో కూడా ఎవరూ అట్టా అనరు."

పొదిలి, దర్శి, అద్దంకి వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ‘తెలుగు మర్చిపోండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి’ అని కోచింగు సెంటర్లలో చెబుతుంటారు. నేనది ఎన్నడూ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి వాడికి వచ్చిన ఒక్క భాషా వదిలేసి రమ్మంటే వాడు దేన్ని పట్టుకుని నడుస్తాడు? మన పిల్లలు చేసే పొరపాట్లలో చాలావాటికి మూలం తెలుగే, నిజమే. కానీ దిద్దుబాటు కూడా తెలుగులోనే దొరుకుతుంది. తెలుగు వాక్యాన్ని కాస్త నిదానంగా వినాలి, అంతే.

ఆ అమ్మాయి చెప్పిన వాక్యమే తీసుకోండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు అర్థమైంది, నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు. వీటిలో దేనికీ ‘నేను’ రాలేదు, అన్నింటికీ ‘నాకు’ వచ్చింది. తెలియడం, గుర్తుండడం మనం పూనుకుని చేసే పనులు కావు. వాటంతటవే మనకు కలుగుతాయి, మన దగ్గర ఉంటాయి. ఇంగ్లీషులో ‘ఇంగ్’ అన్నది నడుస్తున్న పనికి పెట్టే గుర్తు. పనే లేనిచోట ఆ గుర్తు ఎందుకు? అందుకే ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ రిమెంబర్, ఐ అండర్‌స్టాండ్, ఐ హ్యావ్ టూ బ్రదర్స్. ‘ఐ యామ్ వాంటింగ్’ కాదు, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అంతకంటే కాదు.

"మరి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ అంటారు కదా టీచర్?" అని ఆ అమ్మాయే మర్నాడు అడిగింది. అంటారు. తెలుగులో అదేమిటి? ‘నేను భోజనం చేస్తున్నాను.’ ఇక్కడ ‘నేను’ వచ్చింది, పని నడుస్తోంది, ‘ఇంగ్’ కూడా వచ్చింది. అదే ‘హ్యావ్’, కానీ తమ్ముళ్ల దగ్గర ఒకటి, భోజనం దగ్గర ఇంకొకటి.

ఒక్కచోట మాత్రం తెలుగు మనల్ని దారి తప్పిస్తుంది. ‘నాకు వినపడుతోంది, నాకు కనపడుతోంది’ అన్నప్పుడు చివర ‘తోంది’ ఉంది కాబట్టి ఫోనులో ‘ఆర్ యు హియరింగ్ మీ?’ అంటాం. అక్కడ కూడా ‘నాకు’ మాటే వినండి: ‘కెన్ యు హియర్ మీ?’, ‘ఐ కెన్ సీ ఇట్’. అలాగే ‘అనుకుంటున్నాను, నమ్ముతున్నాను’ అనే రెండు మాటలు ‘నేను’తో వచ్చినా ఇంగ్లీషులో ఐ థింక్, ఐ బిలీవ్ అనే అంటారు. ఇలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. నేను చెప్పే సూత్రం అన్నిచోట్లా పనికొస్తుందని అనను. రోజూ మాట్లాడే మాటల్లో చాలా వరకు కాపాడుతుంది.

రెండో పెద్ద చిక్కు ‘నుంచి’. ‘సోమవారం నుంచి జ్వరం’ అంటాం, ‘మూడు రోజుల నుంచి జ్వరం’ అనీ అంటాం. రెండింటికీ ఒకే ‘నుంచి’. ఇంగ్లీషులో మొదటిది ‘సిన్స్ మండే’, రెండోది ‘ఫర్ త్రీ డేస్’. మనం ‘సిన్స్ త్రీ డేస్’ అనేస్తాం. దీనికి నేను చెప్పే చిట్కా ఒకటే. ముందు తెలుగులో ‘మూడు రోజులుగా’ అని మార్చుకోండి. ‘గా’ అతికితే ‘ఫర్’. ‘సోమవారంగా’ అనలేం, కాబట్టి అక్కడ ‘సిన్స్’. ‘నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను’ అనడం కుదురుతుంది, ‘2021గా’ కుదరదు.

అయితే పొరపాటు అక్కడితో ఆగదు, వాక్యంలో క్రియ దగ్గర కూడా ఉంటుంది. ‘పదేళ్లుగా ఒంగోలులో ఉంటున్నాం’ అన్నప్పుడు తెలుగుకి ‘ఉంటున్నాం’ చాలు. ఇంగ్లీషు మాత్రం అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిన కాలాన్ని క్రియలోనే చూపించాలంటుంది: ‘వుయ్ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ ఒంగోల్ ఫర్ టెన్ ఇయర్స్’. నర్సుకి ఇది పరీక్ష కోసమే కాదు. షిఫ్టు మారేటప్పుడు ‘ది పేషెంట్ హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అని తరవాత వచ్చే నర్సుకి స్పష్టంగా అప్పగించాలి. ‘నిన్న, పోయినేడు, పొద్దున పదింటికి’ అని ముగిసిపోయిన సమయం చెప్పేటప్పుడు ఈ ‘హ్యావ్’ తీసేయాలి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అనకూడదు. ‘ఐ సా హిమ్ ఎస్టర్‌డే’.

మా పక్కింటి వదిన సంగతి చెప్పాలి. కూతురి పురిటికి డాలస్ ప్రయాణం కట్టింది. ఏడో తరగతి చదివింది. విమానమంటే భయం లేదు గానీ, మధ్యలో ఇంకో విమానం మారాలి, అక్కడ దారెవరిని అడగాలన్నదే ఆమె దిగులు. "నాలుగు ముక్కలు నేర్పు వదినా, చాలు" అంది. ఆమెతో కూర్చున్నప్పుడే, ఇన్నేళ్లు క్లాసులో చెప్పిన ఒక పాఠాన్ని ఎంత తేలిగ్గా చెప్పవచ్చో నాకు తట్టింది.

‘గేటు ఎక్కడుంది?’ అనేది ప్రశ్న. ‘గేటు ఎక్కడుందో చెప్పండి’ అనేది ప్రశ్న కాదు, ఒక ప్రశ్నని కడుపులో పెట్టుకున్న వాక్యం. తెలుగులో ఆ తేడా అంతా చివరి ‘ఓ’లో ఉంది. ఇంగ్లీషులో ‘ఓ’ లేదు కాబట్టి ఆ తేడాని మాటల వరుసతో చూపిస్తారు. విడి ప్రశ్న అయితే ‘వేర్ ఈజ్ ద గేట్?’. ‘ఓ’ వచ్చిందంటే వరుస మామూలైపోతుంది: ‘కెన్ యు టెల్ మీ వేర్ ద గేట్ ఈజ్?’. డిగ్రీ చదివినవాళ్లు కూడా ‘టెల్ మీ వేర్ ఈజ్ ద గేట్’ అంటుంటారు. మా వదిన అనలేదు. ‘ఎక్కడుందో’ అని మనసులో అనుకుని, ‘ఈజ్’ని చివరికి పంపేది. ‘ఎప్పుడొస్తుందో’, ‘ఎంతవుతుందో’, ‘ఎవరో’, అన్నింటికీ ఇదే దారి.

ఆమె అడిగిన ఇంకో ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. "‘అండి’ని ఇంగ్లీషులో ఏమంటారు?" ఇంగ్లీషులో నువ్వైనా మీరైనా ‘యు’ ఒక్కటే. మరి మర్యాద ఎక్కడ పెడతారు? ‘నీళ్లివ్వండి’ని ‘గివ్ మీ వాటర్’ అని తిప్పితే ‘అండి’ రాలిపోతుంది, ‘నీళ్లియ్యి’ అన్నట్టు వినపడుతుంది. మనిషి మర్యాదస్తురాలే, వాక్యమే మొరటుది. కానీ తెలుగులో ఇంకా మెత్తగా అడగాలంటే ఏమంటాం? ‘కాసిని మంచినీళ్లు ఇస్తారా?’ అంటాం. ఆజ్ఞని ప్రశ్నగా మారుస్తాం. ఇంగ్లీషు మర్యాద కూడా అక్కడే ఉంది: ‘కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?’. కుడ్, వుడ్ అనే రెండు మాటలు అలవాటైతే చాలు, ‘అండి’ లేని లోటు తీరుతుంది.

పదాల సంగతికి వస్తాను. ఆ నర్సు పుస్తకంలో రెండు వేలకు పైగా మాటలున్నాయి. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషాయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశాడు. బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం గురించి ఏళ్ల తరబడి ఆలోచించాడు. ఆయన పేరుతో 1953లో వచ్చిన, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు కావలసిన మాటల ప్రసిద్ధమైన పట్టికలో ఉన్నవి కూడా దాదాపు రెండు వేల మాటలే. అంటే ఆ అమ్మాయి దగ్గర సరుకు తక్కువేమీ కాదు. లోపం వేరేచోట ఉంది. ప్రతి మాటా ఒంటరిగా ఉంది.

తెలుగులో ‘వేయు’ అంటే ఏమిటో ఎవరికైనా ఒక్క అర్థంతో చెప్పగలమా? తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, కూరలో కారం వేస్తాం, పిల్లలకు టీకా వేయిస్తాం, కేకలూ వేస్తాం. ఇది మనకు ఎవరూ అర్థం చెప్పి నేర్పలేదు. ముగ్గుతో కలిపి, తలుపుతో కలిపి చెవిన పడింది. ఇంగ్లీషులో ‘టేక్’ అచ్చం ఇలాంటిది. ఫొటో మనం తీస్తాం, వాళ్లు ‘టేక్’ చేస్తారు. బస్సు మనం ఎక్కుతాం, వాళ్లు ‘టేక్’ చేస్తారు. మాత్ర మనం వేసుకుంటాం, వాళ్లు దాన్నీ ‘టేక్’ చేస్తారు. ‘టేక్ అంటే తీసుకొను’ అని రాసుకున్న నర్సు పేషెంటుని ‘డిడ్ యు ఈట్ ద టాబ్లెట్?’ అని అడుగుతుంది. ‘టేక్ యువర్ టాబ్లెట్స్’ అని జంటగా రాసుకున్న నర్సు అలా అడగదు. ఆ నోటుబుక్కు పక్కన పెట్టించి కొత్తది మొదలుపెట్టించాను. రోజుకి అయిదు మాటలే. ఒక్కోదానికి, ఆసుపత్రిలో ఆ రోజు తను నిజంగా అనవలసి వచ్చిన వాక్యం ఒకటి.

ఏకవచనం, బహువచనం దగ్గర మనకే కాదు, వాళ్లకూ కష్టమే. మనకు నీళ్లు, పాలు బహువచనాలు. నీళ్లు కాగాయి, పాలు విరిగాయి అంటాం. వాళ్లకు వాటర్, మిల్క్ ఒకటే. మేము, మనం రెండింటికీ వాళ్ల దగ్గర ‘వుయ్’ ఒక్కటే. 1820లో ఉద్యోగం మీద కడపకి వచ్చిన ఇంగ్లీషాయన సి.పి. బ్రౌన్ ఇవన్నీ ఒక్కొక్కటే నేర్చుకుని ఉండాలి. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిచి చూడండి. మాట పక్కన అర్థం ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఆ మాటని ఎలా వాడతారో చూపించే ప్రయోగాలు ఇచ్చాడు. ఇక మన వైపు చూస్తే, మనం సామాన్లు, సలహాలు అంటాం కాబట్టి లగేజెస్, అడ్వైసెస్ అంటాం. ఇంగ్లీషులో లగేజ్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ నీళ్లలాంటివి, లెక్కపెట్టరు.

‘ఎ’, ‘ద’ గురించి భయపెట్టడం నాకిష్టం లేదు. ‘నిన్న ఒక కుక్క వెంటపడింది. ఆ కుక్కకి తోక లేదు.’ మొదటి ‘ఒక’ చోట ‘ఎ’, రెండో ‘ఆ’ చోట ‘ద’. సగం పని ఇక్కడే అయిపోతుంది. మిగిలిన సగంలో ఒక్కటి పట్టుకోండి. ‘ఆయన టీచరు’ అన్నప్పుడు తెలుగులో ‘ఒక’ అనం, అక్కడ ఇంగ్లీషు ‘ఎ’ కావాలంటుంది: ‘హి ఈజ్ ఎ టీచర్’.

‘ఇక్కడే ఉన్నాను’లోని ‘ఏ’ని మనం ‘ఓన్లీ’గా మార్చి ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అంటాం. ఇంగ్లీషులో ఆ పని గొంతు చేస్తుంది. ‘హియర్’ని ఒత్తి పలికితే చాలు, లేదంటే ‘రైట్ హియర్’.

మన ఊళ్లో తిరిగే ఇంగ్లీషు మాటలు కొన్ని ఇక్కడే పెరిగాయి. మీటింగు ముందుకు జరిగితే ‘ప్రీపోన్’ అంటాం. చక్కని మాట, మన దేశంలో హాయిగా వాడుకోవచ్చు. బయటి దేశంలో అర్థం కాకపోతే ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనాలి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే మాత్రం అక్కడివాళ్లు స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అనండి. పాఠం అర్థం కాక ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే చెప్పేవాళ్ల మీద అనుమానంలా వినపడవచ్చు. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అంటే సరిపోతుంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మన తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్సు, కారు, పేపరు అయ్యాయి. తెలుగులో అవి అలాగే అందంగా ఉంటాయి. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ చివరి ‘ఉ’ తుంచేయండి. యాస గురించి దిగులు పడకండి.

నిఘంటువు మాటతో ముగిస్తాను. జపానులో ఇంగ్లీషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే ఒక నిఘంటువు కూర్చాడు. దాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి. ఆ రకం నిఘంటువులో ఏ మాట లెక్కపెట్టదగినదో, ఏది కాదో గుర్తు ఉంటుంది, మాట పక్కన వాక్యం ఉంటుంది. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే అలాంటిది ఒకటి కొనివ్వండి. కొనేముందు అట్ట మీద ఎన్ని వేల పదాలని వేశారో చూడకండి. లోపల ‘టేక్’ అనే మాట తీసి, దాని కింద మందు వేసుకోవడం, బస్సెక్కడం ఉన్నాయో లేదో చూసి కొనండి.